నల్ల పెట్టెలు మూడు: ఉండిలో మా ఆరడుగుల పగడాల తొట్టి మీద 14 నెలల వాడకం

ఈ లైటుకి పేరంటూ లేదు. నల్ల రేకు పెట్టె, పైన రెండు ఫ్యాన్లు, అడుగున 55 ఎల్‌ఈడీలు, పక్కన రెండు నాబ్‌లు (నీలం వెలుగుకి ఒకటి, తెలుపుకి ఒకటి), వెనకాల రెండు కరెంటు వైర్లు. చైనాలో తయారవుతుంది, ఎవరి స్టిక్కరు వాళ్లు అంటించుకుని అమ్ముకుంటారు. సముద్రపు తొట్లు పెట్టేవాళ్లంతా దీన్ని నల్ల పెట్టె అనే అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. అట్ట మీద 165 వాట్లని ఉంటుంది. 55 ఎల్‌ఈడీలు, ఒక్కోటి 3 వాట్లు, అదీ వాళ్ల గుణకారం. నాబ్‌లు రెండూ ఆఖరికంటా తిప్పి ప్లగ్గు మీటరు పెట్టి చూస్తే మావి 110 నుంచి 115 వాట్లే లాగాయి. ఇందులో మోసమేమీ లేదు, కాకపోతే అట్ట మీద అంకె చూసి ఇన్వర్టరు లెక్కలు వేసుకోకండి.

నేను భీమవరంలో ఒక ఆక్వా ల్యాబులో పనిచేస్తాను. కాపురం ఉండిలో. తెల్లారేసరికి రైతులు వాటర్ బాటిళ్లలో చెరువు నీళ్లు పట్టుకొచ్చి బల్ల మీద వరసగా పెడతారు, మూత మీద మార్కరుతో చెరువు నంబరు. సెలినిటీ (ఉప్పదనం), పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, కాల్షియం, మెగ్నీషియం చూసి చీటీ రాసివ్వడం నా పని. 19 ఏళ్లయింది. ఇంట్లో పగడాల తొట్టి పెడతానంటే మావారన్న మొదటి మాట, "రోజంతా ఆ నీళ్లేగా చూసేది, ఇంటికొచ్చీ అవేనా?"

ఈ పిచ్చి పట్టింది అండమాన్‌లో. మా అమ్మాయి టెన్త్ అయ్యాక అందరం వెళ్లాం. నార్త్ బే దగ్గర అడుగున అద్దం ఉన్న పడవ ఎక్కించారు. మా చెరువుల్లో నీటి తేట కొలిచే పళ్లెం, సెక్కీ డిస్క్, దింపితే 35 సెంటీమీటర్లకి మాయమైపోతుంది. అంతకన్నా లోతుకి కనబడిందంటే ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సన్న పాచీ పురుగూ) పడిపోయిందని రైతు పరిగెత్తుకుంటూ ల్యాబుకొస్తాడు. అక్కడేమో నిలువెత్తు నీళ్ల కింద చేప వీపు మీద గీత కూడా తెలుస్తోంది. పగడం బతికేది అలాంటి తేటలోనే. దాని ఒంట్లో కంటికి ఆనని పాచి కణాలు కాపురం ఉంటాయి. ఎండ తగిలితే అవి వండుతాయి, ఆ వండినదాంట్లోంచే పగడం తింటుంది. వెలుగు లేకపోతే పొయ్యి వెలగనట్టే. మన గోదావరి నోటి దగ్గర పగడాల దిబ్బలు ఎందుకు లేవో ఆ పడవలో కూర్చున్నప్పుడు తట్టింది నాకు. ఏటా వరద మోసుకొచ్చే ఒండ్రూ పడదు, మంచినీళ్లూ పడవు వాటికి. దేశంలో అవి ముఖ్యంగా ఉన్నవి అండమాన్, లక్షద్వీప్, మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లో.

ఇంత తెలిసీ ఒక తెలివితక్కువ పని చేశాను. సముద్రం గంట దూరంలో ఉండగా ఉప్పు కొనడమేంటని ఆగస్టులో మావారిని తొందరపెట్టి, చిన్న ట్రాలీ ఆటోలో 20 క్యాన్లు వేయించి పేరుపాలెం పంపాను. సాయంత్రానికి క్యాన్లు దిగాయి. టీనీళ్ల రంగు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు మీద రెండు చుక్కలు వేసి వెలుతురు వైపు తిప్పితే 21, అంటే వెయ్యి పాళ్లలో 21 పాళ్ల ఉప్పు. పగడాలకి కావాల్సింది 35. పైన వరదొచ్చి వశిష్ఠ గోదావరి అంతర్వేది దగ్గర ఎర్రనీళ్లన్నీ సముద్రంలో దింపుతున్న రోజులవి. మావారేమో సంబరపడ్డారు: "21 అంటే రొయ్యకి బంగారం కదే!" ఆ 400 లీటర్లూ ఆయన చెరువులోకే పోయాయి. నేను పగడాల తొట్లకని అమ్మే ఉప్పు బస్తా, ఆర్వో తరవాత ఇంకో రెసిన్ గొట్టం ఉన్న ఫిల్టరూ కొన్నాను. మా పంచాయతీ కుళాయి నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాలు) 340. ఆ గొట్టం దాటాక సున్నా.

తొట్టి ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. 680 లీటర్లు. కింద సంపు (ఫిల్టరు తొట్టి) ఇంకో 120. రాళ్లూ ఇసుకా ఆక్రమించింది తీసేస్తే నికరంగా 720 లీటర్ల నీళ్లు. ఉప్పు 27 కిలోలు పట్టింది. నీళ్లు, అద్దం, రాళ్లు అన్నీ కలిపి టన్ను దాటుతుంది. మాది మెరక చేసిన స్థలం, అడుగున నల్లరేగడి. వేసవికి నెర్రెలిచ్చి వానకి ఉబ్బే నేల. షాపువాళ్లు ఇనప స్టాండు ఇస్తామన్నారు. ఉప్పుగాలికి మా గేటు గడియే ఏడాదికోసారి ఊడుతుంటే టన్ను బరువు ఇనుము మీద పెట్టే ధైర్యం నాకు లేదు. మేస్త్రిని పిలిచాను. "ఆయ్, టైల్సు లేపేసి కింద కాంక్రీటు పోసేద్దామండి. మూడు ఇటుక గోడలు కట్టి పైన నల్లరాయి పలక పరిచేత్తే ఏనుగెక్కినా కదలదండి" అన్నాడు. పలక మట్టం చూడ్డానికి లేజరు పరికరాలూ గట్రా ఏమీ తేలేదు. నీళ్లు నింపిన సన్న గొట్టం రెండు చివర్లా పట్టుకుని చూశాడు. ఎడమవైపు 4 మిల్లీమీటర్లు వాలింది. సరిచేసి, పైన థర్మోకోల్ పరిచి, తొట్టి ఎక్కించాం. ఈ 14 నెలల్లో నాకు ఒక్క కంప్లయింటూ లేని పని ఏదైనా ఉందంటే ఆ మేస్త్రి పనే.

ఇసుక దగ్గర మావయ్యగారితో చిన్న గొడవ. "గోదావరి ఇసుక పెట్టుకుని, ఇసక్కి డబ్బులు పోస్తావేంటమ్మాయ్?" అన్నారు. నేను గుప్పెడు గోదావరి ఇసుక పళ్లెంలో పోసి, ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం తీసి అందులో తిప్పాను. మీసాలు మొలిచినట్టు నల్ల రేణువులు అంటుకున్నాయి. "ఇది ఇనుము మావయ్యగారూ, తొట్లో పడితే నాచుకి పండగ" అన్నాను. ఆయన ఆ అయస్కాంతం తీసుకుని సాయంత్రం దాకా పెరట్లో ప్రతి మట్టికుప్పా పరీక్షించారు.

షాపు సంగతి. హైదరాబాదులో ఉంది, పేరు రాయను. తొట్టి, సంపు, పంపులు, నీళ్లు చల్లబరిచే చిల్లరు, మూడు నల్ల పెట్టెలు అన్నీ వాళ్ల దగ్గరే తీసుకున్నాను. పెట్టె ఒక్కింటికి పది వేల చిల్లర పడింది. అద్దం పని, సిలికాన్ పని శుభ్రంగా ఉంది, ఒక్క బుడగ లేదు. బిగించడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లూ మర్యాదస్తులు, పైపులు ఎక్కడా కారకుండా చేశారు. ఇంతవరకూ బాగానే ఉంది. పని అయ్యాక ఒక కుర్రాడు ఫోన్లో ఫొటోలు చూపించి, "అసలైన సముద్రపు రాయి కావాలంటే వస్తుందండి, రాతి పగడం కూడా" అని గొంతు తగ్గించి అన్నాడు. గొంతు తగ్గించడంలోనే సంగతి ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోది. రాతి పగడాలన్నిటినీ 2001లో దాని మొదటి షెడ్యూలులో చేర్చారు. నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్ర గుర్రాలు కూడా అందులోనే. పులికి ఎంత రక్షణో వాటికీ అంత. వద్దు బాబూ అన్నాను. మా తొట్లో ఉన్నది కృత్రిమంగా పోతపోసిన రాయి. పగడాలు మెత్త రకాలే: జొయాంథస్, మష్రూమ్, లెదర్, ఆకుపచ్చ గడ్డిలా పాకే స్టార్ పాలిప్స్. అన్నీ విశాఖలో ఒకాయన తన ఇంటి తొట్లో ముక్కలు చేసి పెంచినవి.

ఈ చట్టం మాట లైటు రివ్యూలో ఎందుకంటే, దీనికీ వెలుగు లెక్కకీ ముడి ఉంది. బయటి దేశాలవాళ్లు ఈ పెట్టెల గురించి చెప్పే అంకెలన్నీ ఎక్కువగా రాతి పగడాలకి. వాటికి పార్ (వెలుగు కొలత, కింద చెప్తాను) 200 నుంచి 350 కావాలి. మెత్త రకాలకి 50 నుంచి 150 చాలు. ఆ అంకెలే చూసి ఇక్కడా నాబ్ తిప్పితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం.

పార్ అంటే, మొక్కలు, పాచి వాడుకోగల వెలుగు చదరపు మీటరు మీద సెకనుకి ఎంత పడుతోందన్న కొలత. మిట్టమధ్యాహ్నం నిండు ఎండలో 2000 దాకా ఉంటుంది. ఫోన్లో లక్స్ చూపించే యాప్ ఉంది కదా, దాంతో సరిపెట్టుకోవచ్చని నేనూ అనుకున్నాను. కుదరదు. లక్స్ మన కంటి లెక్క, మన కన్ను ఆకుపచ్చ దగ్గర చురుకు, నీలం దగ్గర మందం. ఈ పెట్టెలో సగానికి పైగా నీలమే. యాప్ తక్కువ చూపిస్తుంది, మనం ఇంకాస్త పెంచుతాం.

అమరికంతా అయ్యాక తొట్టి మగ్గడానికి, అంటే అమ్మోనియాని విరిచే బాక్టీరియా పెరగడానికి, అయిదు వారాలు. అమ్మోనియా పుట్టించడానికి చాలామంది పచ్చి రొయ్య వేస్తారు. మాకు రొయ్య కొనుక్కునే అవస్థ లేదు, మావారి చెరువులో పట్టుబడి రోజున 40 కౌంటుది (కిలోకి నలభై తూగేది) ఒకటి తెచ్చి వేశాను. మూడో రోజుకి వాసన. అత్తయ్యగారు మూడు రోజులు హాల్లోకి రాలేదు. అమ్మోనియా ఎక్కడం, దిగడం, నైట్రైటు ఎక్కడం, దిగడం, ఇదంతా నాకు రోజూ చెరువుల్లో చూసే కథే కాబట్టి పొడిగించను. ఆ తరవాత జనవరిలో విశాఖ పగడాలు వచ్చాయి.

కుర్రాళ్లు వెళ్లేటప్పుడు రెండు నాబ్‌లూ ఆఖరికంటా తిప్పి, టైమరు పది గంటలకి పెట్టి, "ఇక ముట్టుకోకండి మేడమ్" అన్నారు. ల్యాబులో ఎవరేం చెప్పినా కొలిచి చూడందే ఒప్పుకోని నేను, ఇంట్లో మాత్రం ఆ మాట నమ్మాను. మొదటి రోజు ఇల్లంతా వెలిగిపోయింది, పక్కింటి పిల్లలు చప్పట్లు కొట్టారు. నాలుగో రోజుకి జొయాంథస్ పువ్వులు మూసుకున్నాయి. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి ఆకుల్లా అయిపోయి, సాయంత్రమైనా తెరవలేదు. లెదర్ పగడం గొడుగు ముడిచినట్టు ముడిచేసుకుంది. పదో రోజుకి మష్రూమ్‌లలో పైనున్న మూడు, ఎరుపు పోయి పాలిపోయి, వెనకాల రాయి కనబడేటంత పల్చబడ్డాయి. నేను ముందు నీళ్లని అనుమానించాను. సెలినిటీ 35. ఆల్కలినిటీ టైట్రేషన్ చేసి చూస్తే 152 పీపీఎం. పగడాల తొట్లవాళ్లు ఆల్కలినిటీని డీకేహెచ్ అనే కొలతలో చెబుతారు, అది కావాలంటే 17.9తో భాగించాలి, 8.5. కాల్షియం 425, మెగ్నీషియం 1310. చెరువుల్లో కాల్షియానికి మూడింతలు మెగ్నీషియం ఉండాలని రైతుకి రోజూ చెప్పే మాటే, ఇక్కడా సరిగ్గా అంతే ఉంది. నీళ్లలో తప్పు లేదు.

అప్పుడు పైకి చూశాను.

రాజమండ్రిలో మావారి స్నేహితుడి కొడుకు మంచినీళ్ల మొక్కల తొట్లు పెడతాడు, అతని దగ్గర పార్ మీటరు ఉందని తెలిసి వెళ్లి బతిమాలి తెచ్చుకున్నాను. పొడుగు కర్రకి సెన్సరు కట్టి, తొట్టిని అడుగుకో గడి చొప్పున పన్నెండు గడులు చేసుకుని, అడుగున ఒకసారి, రాళ్ల తల మీద ఒకసారి కొలిచాను. మావయ్యగారు కుర్చీ వేసుకుని అంకెలు రాసుకున్నారు. పెట్టెలు నీటికి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయి. నాబ్‌లు రెండూ నిండుగా ఉంటే నడిమి పెట్టె కింద రాతి తల మీద 430. ఇసుక మీద 210. అంటే, 100 చాలే మష్రూమ్‌లకి నాలుగింతల వెలుగు. పగడం ఒంట్లో ఉన్న పాచికి వెలుగు మితిమీరితే విషమవుతుంది, పగడం దాన్ని బయటికి గెంటేస్తుంది. పాలిపోవడమంటే అదే.

నీలం 40 శాతం, తెలుపు 10 శాతం దగ్గర పెట్టి మళ్లీ కొలిచాను. రాతి తల మీద 130 నుంచి 140, ఇసుక మీద 55 నుంచి 70. నాకు కావాల్సిన అంకె అదే. కానీ ఒక్కసారిగా అక్కడ పెట్టలేదు. 20 శాతానికి దించి, వారానికి అయిదు శాతం చొప్పున పెంచుకుంటూ వచ్చాను. చెరువులో హేచరీ సీడుని (రొయ్యపిల్లల్ని) వదిలేటప్పుడు సంచి నీళ్లూ చెరువు నీళ్లూ కొంచెం కొంచెం కలుపుతాం కదా, అదే ఓపిక. అయిదో వారానికి జొయాంథస్‌లు విచ్చుకున్నాయి. మష్రూమ్‌లలో రెండు కోలుకున్నాయి, ఒకటి పోయింది.

ఇక్కడ ఒక ప్రయోగం చేశాను, దాంట్లో నేనే ఓడాను. 40 శాతమే చాలినప్పుడు మూడు పెట్టెలెందుకు, అమ్మడానికి ఒకటి అంటగట్టారని అనుకుని మధ్యదాన్ని తీసేసి, రెండు చివరి పెట్టెలనీ కాస్త లోపలికి జరిపి 70 శాతం పెట్టాను. రెండు వారాలు. పెట్టె కింద సూటిగా 230, తొట్టి మధ్యలో 45, మూలల్లో 25. ఒక రాయికి ఎండదెబ్బ, పక్క రాయికి అమావాస్య. ఈ పెట్టెలోని లెన్సులు వెలుగుని కిందికే కుమ్మరిస్తాయి, పక్కలకి సర్దవు. అందుకని రెండడుగులకి ఒకటి చొప్పున ఆరడుగులకి మూడు ఉండాల్సిందే, మూడూ తక్కువలో వెలగాలి. షాపువాళ్లు లెక్క చెప్పింది ఒప్పు, నాబ్ తిప్పింది తప్పు. తీసేసిన పెట్టెని మళ్లీ బిగిస్తుంటే మావయ్యగారు ఏమీ అనలేదు, నవ్వుకున్నారంతే.

నీలం ఎక్కువ, తెలుపు తక్కువ ఎందుకు? సముద్రంలో ఎరుపు పై కొద్ది మీటర్లలోనే ఇంకిపోతుంది, లోతుకి దిగేది నీలమే. పగడంలో పాచి ఆ నీలానికే అలవాటు పడింది. తెలుపు నాబ్ నేను 30కి పెంచి చూసిన నెల, రాళ్ల మీద పచ్చ నాచు వెంట్రుకల్లా లేచింది. మళ్లీ 10కి వచ్చాను. ఇంకో లాభం కంటికి. ఉత్త నీలంలో జొయాంథస్‌ల అంచులు నారింజ రంగులో నిప్పుకణికల్లా వెలుగుతాయి, నడుమ ఆకుపచ్చ. తెల్ల వెలుతుర్లో అవే పువ్వులు మట్టిరంగు. రాత్రి ఎనిమిదికి తెలుపు ఆరి నీలం ఒక్కటే మిగిలే గంట కోసం ఇంట్లో అందరం ఎదురుచూస్తాం. వీధిలోకి ఆ నీలం కిటికీలోంచి పడుతుంది. పాలు పోసే అతను రెండు నెలలు చూసి చూసి ఒకరోజు అడిగాడు, "రాత్రుళ్లు ఇంట్లో వెల్డింగు పనేవన్నా పెట్టారాండి?"

రెండు రంగులకీ రెండు వైర్లు ఉండటం ఈ పెట్టెలో నాకు బాగా నచ్చిన సంగతి. ఫోనుతో నడిపే ఖరీదైన లైట్లలో తెల్లారడం, పొద్దుగూకడం అన్నీ యాప్‌లోనే ఉంటాయట. ఇక్కడ రెండు టైమర్లుంటే చాలు. నీలం మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి తొమ్మిది, తెలుపు రెండు నుంచి ఎనిమిది. నేను ల్యాబు నుంచి వచ్చేది ఆరున్నరకి, కాబట్టి తొట్టికి పొద్దు నా పొద్దుకి తగ్గట్టు జరిపాను. పగడాలకి అభ్యంతరం లేదు.

టైమరు మాత్రం డిజిటల్‌దే కొనండి. షాపువాళ్లు ఇచ్చింది పళ్లచక్రం తిరిగే రకం. కరెంటు పోతే అదీ ఆగిపోతుంది, వస్తే ఆగిన చోటి నుంచి మళ్లీ నడుస్తుంది. మే నెలలో మా దగ్గర కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. రోజుకో గంటన్నర చొప్పున వెనకబడి, వారం తిరిగేసరికి రాత్రి తొమ్మిదికి ఆరాల్సిన నీలం పొద్దున్న ఏడున్నర దాకా వెలుగుతోంది. మంచినీళ్లకి లేచిన అత్తయ్యగారు చెప్పబట్టి తెలిసింది. లోపల చిన్న బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరుకి ఆ గొడవ లేదు.

కరెంటు పోయినప్పుడు లైట్లు ఇన్వర్టరు మీద పెట్టాలా? అక్కర్లేదు. రెండు రోజులు వెలుగు లేకపోయినా పగడం ఓర్చుకుంటుంది, నీరు కదలకపోతే ఓర్చుకోదు. ఏరియేటరు ఆగిన చెరువు తెల్లవారుజామున ఎలా ఉంటుందో మనకి తెలుసు. వెలుగు లేని వేళ పాచి కూడా ఆక్సిజన్ తాగేదే. అలలు పుట్టించే చిన్న పంపులు రెండూ ఇన్వర్టరు మీద, లైట్లు, చిల్లరు మామూలు లైను మీద. ఆ లైనుకి ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చి) పెట్టించాం. ఉప్పునీళ్ల మీద వేలాడే రేకు పెట్టె ఇది, ఆ ఖర్చు దగ్గర పిసినారితనం వద్దు. వైరు ప్లగ్గు దాకా సూటిగా రాకూడదు, కిందికి ఒక వంపు తిరిగి పైకెక్కాలి. వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోవాలి.

కరెంటు బిల్లులో ఈ లైట్ల పాపం ఏమీ లేదు. 40, 10 దగ్గర ఒక్కో పెట్టె 35 వాట్లు లాగుతుంది. మూడూ కలిపి రోజుకి యూనిట్ లోపే. తినేది చిల్లరు. మేలో హాలు 37 డిగ్రీలుంటే, తొట్టి నీళ్లు 26 దగ్గర పట్టి ఉంచడానికి రోజుకి అయిదారు యూనిట్లు. చెమట ఆరని మన గాలిలో ఉత్త ఫ్యాను ఊదితే రెండు డిగ్రీలు దిగితే గొప్ప. చిల్లరు మొదట హాల్లోనే పెట్టారు. అది తొట్టిని చల్లబరిచి ఆ వేడంతా హాల్లో వదిలేది. మావయ్యగారి కుర్చీ రోజూ రెండడుగులు దూరం జరుగుతుంటే గమనించి, గోడకి కన్నం కొట్టించి వెనక వసారాలోకి మార్చాం.

ఇప్పుడు ఈ లైటు అసలు రోగం. ఫ్యాన్లు.

జులైలో ఒక సాయంత్రం ఎడమ పెట్టెలో నీలం సగం ఆరిపోయి ఉంది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. దింపి విప్పాను. రెండు ఫ్యాన్లలో ఒకటి బిగుసుకుపోయింది. రెక్కల మీద ఉప్పు, దుమ్ము కలిసి ఊరగాయ జాడీ మూత చుట్టూ పట్టినట్టు తెల్లగా పట్టేసింది, ఇరుసు దగ్గర తుప్పు. గాలి ఆడక లోపల వేడెక్కి ఒక ఎల్‌ఈడీ పోయింది. ఒకే తీగలో వరసగా ఉన్నవి కాబట్టి ఆ వరస మొత్తం ఆరింది. తొట్లో నీళ్లు పైనుంచి కిందికి పడే చోట బుడగలు చిట్లుతూనే ఉంటాయి, ఆ తుంపరే పైకెగిరి ఫ్యాను లోపలికి పోతుంది. మన వానాకాలపు గాలి దానికి తోడు. షాపుకి ఫొటోలు పంపాను. ఏడాది వారంటీ అని బిల్లు మీదే ఉంది. "ఉప్పు పట్టింది వారంటీలోకి రాదు మేడమ్" అన్నారు. ఉప్పునీటి తొట్టి మీద పెట్టడానికే అమ్మే లైటు ఇది. ఆ మాట రెండుసార్లు రాశాను, రెండోదానికి జవాబే లేదు.

భీమవరంలో టీవీలు బాగుచేసే అతని దగ్గరికి పట్టుకెళ్లాను. మూత తీసి వాసన చూశాడు. "ఇదేంటండి, లైటు ఉప్పుచేప వాసనొత్తంది?" తిట్టుకుంటూనే పోయిన ఎల్‌ఈడీ మార్చాడు, కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల ఫ్యాన్లు రెండు తెప్పించి బిగించాడు. ఫ్యాను ఒక్కోటి 180 రూపాయలు, చేతికూలి 300. ఇదే పెట్టెలో రెండో మంచి గుణం: నాలుగు స్క్రూలు తీస్తే అంతా చేతికి దొరుకుతుంది, ఏ ఊళ్లోనైనా బాగుచేసే మనిషి ఉంటాడు. అప్పట్నుంచి నెలకోసారి పెట్టెలు దింపి ఫ్యాన్లు పెయింటు కుంచెతో దులుపుతున్నాను. లెన్సుల మీద పట్టే తెల్ల పొర ఆర్వో నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడుస్తాను. పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు గీతలు పెడుతుంది. ఒకసారి తుడవకుండా రెండు నెలలు వదిలేసి అంకెలు చూస్తే, 135 ఉన్న చోట 110కి పడిపోయింది.

పేర్లున్న పెద్ద లైట్లు, కెస్సిల్, రేడియన్, హైడ్రా లాంటివి, నేను వాడలేదు. వాటి గురించి మాట్లాడను. ఆ ఒక్కదాని ఖరీదుకి నా మూడూ వస్తాయి, బాగుచేయించుకునే దారీ ఉంది, ఈ మాత్రం చెప్పగలను. మెత్త పగడాలు పెట్టుకునేవాళ్లు, నెలకోసారి స్క్రూడ్రైవరు పట్టుకోవడానికి ఒళ్లు బరువు లేనివాళ్లు కొనుక్కోవచ్చు. ఒక్కసారి బిగించి మర్చిపోదామనుకునేవాళ్లు వద్దు. పార్ మీటరు అప్పుగా దొరక్కపోతే నీలం 25, తెలుపు 5 దగ్గర మొదలుపెట్టి పగడాల మొహం చూసుకుంటూ పెంచండి. కాళ్లు సాగదీసుకుని పైకి లేస్తుంటే వెలుగు చాలట్లేదని, ముడుచుకుంటే ఎక్కువైందని అర్థం. షాపు సంగతి అడిగితే, అద్దం పనికి మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్తాను, లైటుకి వెళ్లను.

లెదర్ పగడం ఇప్పుడు టిఫిను ప్లేటంత అయింది. వచ్చినప్పుడు అయిదు రూపాయల బిళ్లంత ముక్క. రెండు కొమ్మలు కోసి విశాఖ ఆయనకే తిరిగి పంపాను. ఇది రాస్తుండగా నడిమి పెట్టెలో కుడి ఫ్యాను గరగరమంటోంది. 12 వోల్టుల ఫ్యాన్లు నాలుగు కొని బీరువాలో పెట్టాను, ఆదివారం విప్పాలి. మావయ్యగారు ఈసారి స్క్రూలు తనే తీస్తానంటున్నారు.